రాత్రి మనిషిని కుదుర్చుకునే ముందు

పెద్దవాళ్లకి రాత్రి తోడు మనిషిని పెట్టేటప్పుడు జీతం కంటే ముందు ఒకటి తేల్చుకోండి: రాత్రంతా మేలుకుని ఉండాలా, పిలిస్తే లేస్తే చాలా? మంచం దిగలేనివాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. లేకపోతే నడుం కింద, మడమల దగ్గర పుళ్లు పడతాయి. పగలంతా వేరే ఇంట్లో చేసి వచ్చేవాళ్లతో అది అవ్వదు.

మన శ్రీకాకుళంలో, ముఖ్యంగా ఉద్దానం వైపు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఎక్కువ. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చెయ్యి ముందే చూపించండి: దానికి బీపీ పట్టీ కట్టకూడదు, ఆ చెయ్యి పట్టుకుని లేపకూడదు. డాక్టరు చెప్పినన్ని నీళ్లే సీసాలో కొలిచి పెట్టండి. దాహం అంటే జాలిపడి చెంబుతో ఇచ్చేస్తారు, తెల్లారేసరికి ఆయాసం.

మొదటి రాత్రి మీరూ అక్కడే ఉండి చూడండి: బాత్రూముకి లేపేటప్పుడు మంచం అంచున ఒకట్రెండు నిమిషాలు కూర్చోబెట్టాకే నిలబెట్టాలి.