మగ్దలేనే మరియని ఏడుస్తూ కాదు, మాట్లాడుతూ గీయండి

ఈస్టర్‌కి చర్చి గోడ మీద బొమ్మ వేయమనో సండే స్కూల్ పిల్లలకి చార్ట్ చేసిపెట్టమనో అడిగితే మనలో చాలామంది ముందు గూగుల్లో యేసు శిష్యురాలు మగ్దలేనే మరియ పేరు కొడతాం, వచ్చేవి చాలావరకు ఒకటే రకం, జుట్టు విరబోసుకుని కళ్ళనిండా నీళ్ళతో పైకి చూస్తుంటుంది, పక్కన ఒక పుర్రె. దాన్ని చూసి అలాగే దించేయకండి ప్లీజ్. బైబిల్ వాక్యంలో ఉన్న మరియ వేరు, ఆ బొమ్మల్లో మరియ వేరు.

ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే మీకే ధైర్యం వస్తుంది. 591 ప్రాంతంలో పోప్ గ్రెగరీ ఒక ప్రసంగంలో, లూకా 7లో యేసు పాదాలు కన్నీళ్ళతో తడిపిన పేరులేని స్త్రీని, మార్త తోబుట్టువు బేతనియ మరియని, మగ్దలేనే మరియని కలిపి ఒక్క మనిషిని చేసేశారు. ఇక పశ్చిమ దేశాల్లో వందల ఏళ్ళు ఆమె పశ్చాత్తాపపడే వేశ్యగానే మిగిలిపోయింది, 1530ల్లో ఇటలీ చిత్రకారుడు టిషియన్ వేసిన బొమ్మలో అయితే ఒంటి మీద జుట్టు తప్ప బట్ట లేదు. తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాలు మాత్రం ఈ ముగ్గురినీ కలపలేదు, వాళ్ళు ఆరాధనలో పెట్టుకునే ఐకాన్ బొమ్మల్లో ఆమె సుగంధ ద్రవ్యాల బుడ్డి పట్టుకుని నిండుగా బట్టలు కట్టుకుని నిలబడి ఉంటుంది. కాథలిక్కులు కూడా 1969లో క్యాలెండర్ మార్చినప్పుడు ఆ కలగాపులగం తీసేశారు, 2016లో పోప్ ఫ్రాన్సిస్ జూలై 22న వచ్చే ఆమె రోజుని అపొస్తలుల పండుగల స్థాయికి పెంచారు. అంటే మనం కొత్తగా ఏమీ కల్పించట్లేదు, ఉన్నదాన్నే గీస్తున్నాం.

ముందు పెన్సిల్ పట్టుకుని లూకా 8 మొదటి మూడు వచనాలు, మార్కు 15 చివర, యోహాను 20 మొదటి పద్దెనిమిది వచనాలు చదవండి, ఆమె చేసిన పనుల కింద మాత్రమే గీతలు పెట్టండి. వెంబడించింది, తన డబ్బుతో పరిచర్య చేసింది, శిష్యులు పారిపోయినా సిలువని చూస్తూ అక్కడే ఉంది, చీకటి ఉండగానే సమాధికి వెళ్ళింది, పరుగెత్తింది, ఏడ్చింది, పేరు పెట్టి పిలవగానే గుర్తుపట్టింది, వెళ్ళి చెప్పింది. ఇన్ని పనుల్లో ఏడవడం ఒక్కటి, బొమ్మలేసేవాళ్ళు మాత్రం పట్టుకున్నది ఎక్కువగా దాన్నే.

నన్నడిగితే యోహాను 20:18 తీసుకోండి, శిష్యుల దగ్గరికెళ్ళి ప్రభువుని చూశానని చెప్పే క్షణం. దీనికి పాత బొమ్మ ఒకటుంది, 12వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో తయారైన సెయింట్ ఆల్బన్స్ కీర్తనల పుస్తకంలోది, ఇప్పుడు జర్మనీలో ఉంది, నెట్‌లో దొరుకుతుంది, తప్పకుండా చూడండి. ఒక పక్క మరియ ఒక్కతే నిటారుగా నిలబడి చూపుడు వేలు పైకెత్తి చెప్తుంటుంది, రెండో పక్క శిష్యులంతా ఒకళ్ళ వెనక ఒకళ్ళు ఇరుక్కుని వింటుంటారు. ఆ ఒక్క వేలు చాలు, ఎవరు బోధిస్తున్నారో ఎవరు నేర్చుకుంటున్నారో దూరం నుంచే తెలిసిపోతుంది.

మీ స్కెచ్‌లో కూడా ముందు చెయ్యి తేల్చుకోండి, ముఖం తర్వాత. చేతులు జోడిస్తే ప్రార్థన, గుండె మీద పెట్టుకుంటే పశ్చాత్తాపం, ముందుకు చాపితే మాట. ఆ చెయ్యి వెనక బ్యాక్‌గ్రౌండ్ ఖాళీగా వదలండి, లేకపోతే చర్చిలో వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి కనపడదు. ఆమె కళ్ళు శిష్యుల కళ్ళతో సమానమైన ఎత్తులోనో కొంచెం పైనో ఉండాలి, కావాలంటే పేతురుని కూర్చోబెట్టండి, కానీ ఆమెని మోకాళ్ళ మీద వేయొద్దు. వెలుగు ఆమె వైపు నుంచి గదిలోకి రానివ్వండి, తెల్లవారి బయట నుంచి వచ్చింది కాబట్టి అది సహజంగానే కుదురుతుంది. నోరు కొంచెం తెరిచి ఉండాలి, ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ మన చర్చిల్లో బొమ్మలు చూడండి, నోరు తెరిచి మాట్లాడుతున్న స్త్రీ ఎంత అరుదో.

బుడ్డి తీసేయాలా అంటే అక్కర్లేదు, ఆమె సుగంధ ద్రవ్యాలు తీసుకెళ్ళిందని మార్కులో ఉంది, కాబట్టి చేతిలోనో కింద పక్కనో పెట్టొచ్చు. పుర్రె తీసేయండి. బట్టల విషయంలో గోవా చిత్రకారులు ఏంజెలా ట్రిండాడే, ఏంజెలో ద ఫోన్సెకా వేసిన చీర కట్టుకున్న యేసు తల్లి మరియమ్మ బొమ్మలు చూడండి, వేళాంగణికి వెళ్ళొచ్చినవాళ్ళకి చీరలో మాత కొత్త కాదు కాబట్టి మన సంఘంలోనూ ఇబ్బంది ఉండదు. పట్టుచీర, నగలు మాత్రం వద్దు, నడిచి వచ్చిన మనిషి కదా, మామూలు నూలు చీర, దుమ్ము పట్టిన పాదాలు. ఒంటి రంగు మన ఊరి ఎండలో తిరిగే ఆడవాళ్ళ రంగే వేయండి.

ఇదే పద్ధతి మిగతావాళ్ళకీ పనికొస్తుంది. మార్త అనగానే వంటపని గుర్తొస్తుంది, కానీ యోహాను 11:27లో నీవు క్రీస్తువని ఒప్పుకున్నది ఆవిడే, పేతురు అన్నదానికి ఏమాత్రం తక్కువ కాదు, ఆ మాట అంటున్నట్టు వేయండి. సమరయ స్త్రీని బావి దగ్గరే వదిలేయకుండా కుండ అక్కడే పెట్టేసి ఊళ్ళో జనం మధ్య నిలబడినట్టు వేయండి. రోమా 16లో ఫీబే ఉంది, పౌలు ఉత్తరం తీసుకెళ్ళింది ఆమేనని చాలామంది పండితులు అంటారు, చేతిలో చుట్టిన ఉత్తరం ఒకటి పెడితే చాలు.

పాస్టర్ గారికో ఫాదర్ గారికో రంగులు కొనకముందే స్కెచ్ చూపించండి, బొమ్మ కింద అధ్యాయం, వచనం పెద్ద అక్షరాల్లో రాసి పెట్టండి, అభ్యంతరం చెప్పేవాళ్ళు బైబిల్ తెరిచి చూసుకోవచ్చు. ఆడవాళ్ళు ఇలాంటివి వేయకూడదని ఎవరైనా అంటే ప్లౌటిల్లా నెల్లి గురించి చెప్పండి, ఫ్లోరెన్స్‌లో 16వ శతాబ్దపు సన్యాసిని, దాదాపు ఏడు మీటర్ల పొడవు ప్రభు రాత్రి భోజనం బొమ్మ వేసి, వేసిన స్త్రీ కోసం ప్రార్థించమని దాని మీదే రాసుకుంది, బాగుచేసి 2019లో మళ్ళీ జనానికి చూపించారు.

రంగులు మొదలుపెట్టే ముందు ఒక టెస్ట్ చేయండి. పేరు చెప్పకుండా స్కెచ్‌ని సండే స్కూల్ పిల్లలకి చూపించి ఈమె ఏం చేస్తోంది అని అడగండి. ఏడుస్తోంది, సారీ చెప్తోంది అంటే చెయ్యి మళ్ళీ గీయండి. ఏదో చెప్తోంది, వాళ్ళు వింటున్నారు అంటే ఇక రంగులు కలుపుకోవచ్చు.