ఇంగ్లీషు మాటలు – 7వ పాఠం: అఫ్రెయిడ్

పోయిన పాఠంలో ‘యాంగ్రీ’ అయింది. ఈసారి ‘అఫ్రెయిడ్’.

ముందు పలకడం. తొలి ‘అ’ను తేల్చేసి, ‘ఫ్రెయిడ్’ మీద బరువు వేయండి. ‘ఫ్రైడ్’ అనకండి, అది వేయించిన అన్నానికి పనికొచ్చే మాట.

తెలుగులో ‘నాకు కుక్కలంటే భయం’. ఇంగ్లీషులో ‘నాకు’ ఉండదు, ‘నేను’ ఉంటుంది: ‘ఐయామ్ అఫ్రెయిడ్ ఆఫ్ డాగ్స్’. మన ‘అంటే’ చేసే పని అక్కడ ‘ఆఫ్’ చేస్తుంది. చిక్కల్లా ‘కుక్కలకు భయపడతాను’ అనే వాక్యం మనసులో పెట్టుకుంటేనే. ఆ ‘కు’ కాస్తా ‘ఫర్’ అయి కూర్చుంటుంది. ‘అఫ్రెయిడ్ ఫర్ ది డాగ్స్’ అంటే పాపం వాటికేమవుతుందోనని బెంగ! బెంగళూరు మారతహళ్లిలో పీజీ గేటు ముందు వీధికుక్కలు చుట్టుముట్టినప్పుడు అనాల్సిన మాట కాదది.

ఇక క్రియ వచ్చినప్పుడు ‘టు’నా, ‘ఆఫ్’నా? అదే బెంగళూరులో సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర రోడ్డు దాటాలనుకోండి. దాటడానికి భయం: ‘అఫ్రెయిడ్ టు క్రాస్’. దాటడం, మానడం మన చేతిలో పని. బండి గుద్దుతుందేమోనని భయం: ‘అఫ్రెయిడ్ ఆఫ్ గెటింగ్ హిట్’. అది మనం కోరి చేసేది కాదు, మీద పడేది. తెలుగులో ‘-డానికి’ వస్తే ‘టు’, ‘-ఏమోనని’ వస్తే ‘ఆఫ్’ పెట్టి ‘ఇంగ్’ చేర్చండి. నూటికి నూరుపాళ్లూ కాదుగానీ, చాలాచోట్ల ఈ కొలత నిలుస్తుంది.

‘భయపడ్డ పిల్ల’ను ‘యాన్ అఫ్రెయిడ్ చైల్డ్’ అనకూడదు. నామవాచకం ముందు ఈ మాట నిలబడదు. అక్కడ ‘ఫ్రైటెన్డ్ చైల్డ్’ కావాలి. ‘అస్లీప్’, ‘అలైవ్’లదీ ఇదే వరస.

‘అఫ్రే’ అనే పాత క్రియలోంచి పుట్టిందీ మాట. ఆ క్రియ వాడుకలోంచి పోయింది, నామవాచకం మాత్రం చట్టంలో మిగిలింది. బహిరంగ స్థలంలో ఇద్దరో ఎక్కువమందో కొట్లాడి శాంతికి భంగం కలిగిస్తే అది ‘అఫ్రే’. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 194వ సెక్షన్.

ఆఫీసులో మాత్రం ఈ మాటలో భయమే ఉండదు. ‘ఐయామ్ అఫ్రెయిడ్ వుయ్ కాంట్ డూ ఇట్ బై ఫ్రైడే’ అని మేనేజర్ అంటే ఆయన వణికిపోవడం లేదు, మర్యాదగా కుదరదంటున్నాడు. ‘రిలీజ్ లేటవుతుందా?’ అంటే ‘ఐయామ్ అఫ్రెయిడ్ సో’, అవుననే చెప్పాల్సి వస్తోంది అని. కాకపోతే ఇది చేదు కబురుకే. సెలెక్టయిన వాడికి ‘ఐయామ్ అఫ్రెయిడ్ యూ ఆర్ సెలెక్టెడ్’ అన్నారో, వాడికి నిజంగానే భయం పట్టుకుంటుంది.

వీటిని ఇంగ్లీషులో చెప్పండి: వాడికి అబద్ధం చెప్పడానికి భయం. ఉద్యోగం పోతుందేమోనని ఆమె భయం. ఏమీ అనుకోకండి, సార్ ఇవాళ ఆఫీసుకు రాలేదు. మూడోదాంట్లో ‘సారీ’ వాడొద్దు. జవాబులు 8వ పాఠంలో.