పోయినవారి పేరున పరుగెత్తి విరాళాలు సేకరించడం ఎలా?

మనిషి పోయాక మొదటి నెలల్లో ఏదో ఒకటి చేయాలన్న తొందర పుడుతుంది. చేతులు ఖాళీగా ఉండలేవు. ఆ తొందరలోనే చాలామంది మారథాన్‌కు పేరు ఇచ్చేస్తారు. తప్పేమీ లేదు. కానీ 42.195 కిలోమీటర్లు పరుగెత్తడం ఒక పని, ఆ పేరు చెప్పి నలుగురినీ డబ్బు అడగడం ఇంకో పని, ఆ రెండూ దుఃఖంలో ఉండి చేయడం మూడో పని. మా అన్నయ్య పేరున హాఫ్ మారథాన్‌కు దిగినప్పుడు నేను మొదటిదాని మీదే దృష్టి పెట్టి, మిగతా రెండింట్లో బాగా తడబడ్డాను. అందుకే కింది వరుసలో పరుగు కాస్త ఆలస్యంగా వస్తుంది.

1. ముందు ఇంట్లోవాళ్లను అడగండి

పోయిన మనిషి మీకొక్కరికే చెందరు. ఆయన భార్యకో, తల్లికో, పిల్లలకో తెలియకుండా ఫొటో పెట్టి విరాళాలు అడగడం మొదలుపెడితే, మీ ఉద్దేశం ఎంత మంచిదైనా వాళ్లకు గుచ్చుకుంటుంది. మూడు విషయాలు తేల్చుకోండి: ఏ ఫొటో వాడాలి, ఎలా పోయారో చెప్పాలా వద్దా, డబ్బు ఎవరికి వెళ్లాలి. ఆత్మహత్యో, వ్యసనమో కారణమైన చోట రెండో ప్రశ్న చాలా బరువైనది. కొందరు అందరికీ తెలియాలంటారు, కొందరు అస్సలు వద్దంటారు. ఒక్కరు వద్దన్నా ఆ మాట రాయకండి. కారణం చెప్పకపోయినా మనిషి గురించి చెప్పడానికి బోలెడంత ఉంటుంది.

2. డబ్బు ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోండి

జబ్బుతో పోతే ఆ జబ్బు మీద పనిచేసే సంస్థ వెంటనే గుర్తుకొస్తుంది. నాన్సీ బ్రింకర్ చేసింది అదే. అక్క సూసన్ కోమెన్ 1980లో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోతే, రెండేళ్లకు అక్క పేరున సంస్థ పెట్టింది. 1983లో అమెరికాలోని డాలస్‌లో పెట్టిన మొదటి పరుగుకు వచ్చింది 800 మంది. తర్వాత అది ఎన్నో ఊళ్లకు పాకింది. కానీ ఆ దారి ఒక్కటే లేదు. చివరి రోజుల్లో నొప్పి తగ్గించి కనిపెట్టుకున్న నర్సుల సంస్థ కావచ్చు, ఆయన రోజూ వెళ్లే గ్రంథాలయం కావచ్చు. ఆయన జీవితంతో ముడిపడిన చోటైతే, విరాళం ఎందుకో అడిగినవాళ్లకు చెప్పడం మీకూ తేలిక.

ఎంచుకున్న సంస్థ చట్టప్రకారం నమోదైందా, ఏటా లెక్కలు బయటపెడుతుందా, రసీదులు ఇస్తుందా చూడండి. ఒకసారి ఫోన్ చేయండి. ఇలా స్మృతిలో నిధులు సేకరించేవాళ్ల కోసం చాలా సంస్థల్లో ప్రత్యేకంగా ఒక మనిషి ఉంటారు, పేజీ పెట్టడం నుంచి టీషర్టు దాకా సాయం చేస్తారు.

డబ్బు మాత్రం మీ సొంత ఖాతా మీదుగా పోనివ్వకండి. నేరుగా సంస్థకు చేరే విరాళాల పేజీనే వాడండి. ఆ పేజీ నడిపేవాళ్లు రుసుము ఎంత మినహాయిస్తారో ముందే చదవండి. "సొంతంగా ట్రస్టు పెడదాం" అన్న ఆలోచన వస్తే కొన్నాళ్లు ఆగండి. బ్రిటన్‌లో కెప్టెన్ టామ్ మూర్ 2020లో, నూరో పుట్టినరోజులోపు తన తోటలో 100 చుట్లు నడుస్తానని 1,000 పౌండ్లు అడిగారు. 3.2 కోట్ల పౌండ్లకు పైగా వచ్చాయి, ఆరోగ్య సేవల కోసం పనిచేసే సంస్థకు చేరాయి. చిక్కంతా తర్వాత ఆయన పేరున కుటుంబం పెట్టిన ఫౌండేషన్‌తో వచ్చింది. కుటుంబ సభ్యులు సొంత లబ్ధి పొందారని అక్కడ సేవాసంస్థలను పర్యవేక్షించే చారిటీ కమిషన్ 2024లో తేల్చింది. పోయినవారి పేరు అలాంటి వార్తల్లోకి ఎక్కడం కంటే బాధ ఏముంటుంది?

3. మీకు తగిన సవాలు ఎంచుకోండి

ఇక్కడ అందరికీ టెర్రీ ఫాక్స్ గుర్తొస్తాడు. క్యాన్సర్‌తో ఒక కాలు పోయిన ఆ కెనడా కుర్రాడు 1980లో కృత్రిమ కాలితో రోజూ దాదాపు మారథాన్ దూరం, 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. ఊపిరితిత్తులకు జబ్బు పాకితే ఆగాడు, మరుసటి ఏడు చనిపోయాడు. అయితే దానికి ముందు ఏడాదికి పైగా సాధన చేశాడన్న సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఇటు తొంభై తొమ్మిదేళ్ల మూర్ చేసింది తోటలో నడక. దూరాన్ని కొలిచి ఎవరూ డబ్బు ఇవ్వరు. మీకు కష్టమైనదేనా, నిజంగా చేస్తారా, ఆ రెండే చూస్తారు. రోజూ సైకిల్ తొక్కిన మనిషి కోసం సైకిల్ యాత్ర, ఈత ఇష్టపడ్డ మనిషి కోసం ఈత. నడక కూడా ఏమీ తక్కువ కాదు.

పెద్ద మారథాన్లలో చోటు దొరకడం కష్టం. కొన్నిచోట్ల లాటరీ తీస్తారు. లేదంటే సేవాసంస్థల దగ్గర ఉండే చోట్లలో ఒకటి తీసుకోవచ్చు. దానికి బదులు మీరు కనీసం ఇంత సేకరిస్తానని మాట ఇస్తారు. సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: అంత రాకపోతే తేడా ఎవరు కట్టాలి? మీరే కట్టాలనే సంస్థలూ ఉంటాయి. ప్రవేశ రుసుము, ప్రయాణం, బూట్లు మీ జేబులోంచే పెట్టుకుని ఆ మాట పేజీలో రాయండి. ఇచ్చినదంతా మీ ఖర్చులకు పోతుందేమో అన్న అనుమానం ఉండదు.

తేదీ విషయంలో నా సలహా చాలామందికి నచ్చకపోవచ్చు. సరిగ్గా ఏడాది నిండే రోజునే పరుగు పెట్టుకోకండి. ఆ రోజు ఎలా ఉంటుందో ముందే ఎవరికీ తెలియదు. మంచం దిగబుద్ధి కాకపోతే పరుగు టెన్షన్ కూడా తోడవుతుంది. రెండు మూడు వారాలు అటో ఇటో చూసుకోండి.

4. ఒంటిని సిద్ధం చేసుకోండి

డాక్టరుకు చూపించుకోవడం ఇక్కడ ఊరికే రాసే మాట కాదు. తీవ్రమైన దుఃఖంలో గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే టకొట్సుబో అనే జబ్బే ఉంది, దాన్ని మొదట జపాన్ వైద్యులు గుర్తించారు. అంతదాకా రాకపోయినా నిద్ర ఉండదు, తిండి సరిగ్గా సయించదు, ఆ ఒంటితో సాధన చేస్తే దెబ్బలు తొందరగా తగులుతాయి.

ఎప్పుడూ పరుగెత్తనివాళ్లు 5 కిలోమీటర్లకు చేరడానికి వారానికి మూడు రోజుల చొప్పున తొమ్మిది వారాల ప్రణాళిక బాగా వాడుకలో ఉంది. ఇప్పటికే కాస్త పరుగు అలవాటు ఉన్నవాళ్లకు మారథాన్‌కు 16 నుంచి 20 వారాలు పడుతుంది. దానికి ఇంకో నెల కలుపుకోండి, కొన్ని వారాలు ఏమీ చేయలేకపోతారు. చాలా రోజులు పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత మెల్లగానే పరుగెత్తాలి. వారానికొకసారి దూరం పెంచాలి, చివరి రెండు మూడు వారాలు తగ్గించాలి. దాహానికి తగినన్ని నీళ్లు చాలు. గంటలకొద్దీ పరుగెత్తుతూ అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు.

పరుగు మధ్యలో ఏడుపొస్తే ఆగి నడవండి. ఇది ప్రణాళికల్లో రాయరు కానీ జరుగుతుంది. "ఆయన పడ్డ బాధ ముందు ఇదెంత" అనుకుంటూ మోకాలి నొప్పి మీద పరుగెత్తడం మాత్రం వద్దు. నేను చేశాను, మూడు వారాలు కుంటుకుంటూ తిరిగాను.

5. డబ్బు అడగండి

నాకు పరుగు కంటే ఇదే కష్టమైంది. మొదట ఒక పెద్ద వాట్సాప్ గ్రూపులో "అన్నయ్య స్మృత్యర్థం పరుగెత్తుతున్నాను, దయచేసి విరాళం ఇవ్వగలరు" అని పెట్టాను. చేతులు జోడించిన బొమ్మలు చాలా వచ్చాయి, డబ్బు రాలేదు. తర్వాత మాట మార్చి, ఒక్కొక్కరికి విడిగా ఇలా రాశాను:

"అన్నయ్యకు సైకిల్ చైన్ ఊడితే కోపం వచ్చేది కాదు. రోడ్డు పక్కన కూర్చుని, చేతులకు గ్రీజు పూసుకుని, ఈల వేసుకుంటూ బాగుచేసేవాడు. నేను అంత ఓపికగా ఏదీ చేయలేదు. అందుకని ఈసారి 21 కిలోమీటర్లు ఓపికగా పరుగెత్తుతున్నా. నువ్వు ఎంతోకొంత ఇస్తే ఆయన్ని చివర్లో చూసుకున్న నర్సులకు వెళ్తుంది."

స్పందన వేరుగా వచ్చింది. "మంచి మనిషి, అందరికీ ఆప్తుడు" అన్నది ఎవరి గురించైనా రాయొచ్చు, చైన్ సంగతి ఆయన ఒక్కడిదే. అలాంటిది ఒక్కటి పట్టుకోండి. పుట్టిన తేదీ నుంచి జీవిత చరిత్ర అంతా రాయక్కర్లేదు.

ముందు దగ్గరివాళ్లను అడగండి. పది పేర్లయినా కనిపించాకే పేజీ అందరికీ పంపండి, ఖాళీ పేజీలో మొదటగా వేయడానికి ఎవరూ ముందుకు రారు. లక్ష్యం చిన్నదే పెట్టి, నిండాక పెంచండి. ఉద్యోగులు సేకరించినదానికి సమానంగా తామూ కలిపే కంపెనీలు ఉన్నాయి, మీ ఆఫీసులో కనుక్కోండి. మధ్యమధ్యలో సాధన ఎలా సాగుతోందో రాయండి, ప్రతిసారీ డబ్బు ప్రస్తావన తేకుండా. చివరి వారం మాత్రం మొహమాటపడకుండా మళ్లీ అడగండి, ఇద్దామనుకుని మరిచిపోయినవాళ్లే ఎక్కువ. ఇవ్వనివాళ్లను ఎందుకివ్వలేదని అడగొద్దు. చేతికి నగదు ఇస్తే అప్పుడే పేరు రాసుకుని అదే రోజు సంస్థకు చేర్చండి.

పూర్తి చేయలేకపోతే ఏమవుతుందో కూడా పేజీలోనే రాయండి: నేను గమ్యం చేరినా చేరకపోయినా మీ డబ్బు సంస్థకే. ఆ వాక్యం రాశాక మోకాలి గురించి నా దిగులు సగం తగ్గింది.

6. ఆ రోజు, ఆ తర్వాత

చొక్కా మీద ఆయన పేరు రాసుకుంటే దారిలో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆ పేరు పెట్టి అరుస్తారు, కొందరు అది మీ పేరే అనుకుంటారు. ముందే ఊహించుకోండి, లేకపోతే గొంతు పట్టేసి ఊపిరి అందదు. ఇంట్లోవాళ్లను గమ్యం దగ్గర కాకుండా ముప్పాతిక దూరంలో నిలబెట్టండి, కాళ్లు మొరాయించేది అక్కడే.

అయిపోయాక కొన్నాళ్లు వెలితిగా ఉంటుంది. నెలల తరబడి ఆయన కోసం చేసే పని ఒకటి ఉండేది, ఇప్పుడు లేదు. వెంటనే ఇంకో పరుగుకు పేరు ఇచ్చేయకండి. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ పేరుతో కృతజ్ఞతలు చెప్పి, మొత్తం ఎంతయిందో రాయండి. పేజీని మరికొన్ని వారాలు తెరిచే ఉంచండి, పరుగయ్యాక ఇచ్చేవాళ్లూ ఉంటారు. అది మూసేలోపు విరాళాలతో పాటు జనం రాసిన మాటలన్నీ దింపుకుని దాచండి. అన్నయ్య ఒకసారి వానలో తన సైకిల్‌ను కూడా బాగుచేశాడని ఒకాయన రాశారు. ఆయనెవరో మాకెవరికీ తెలియదు. ఆ కాగితం ఇప్పుడు వదిన దగ్గర ఉంది.