జనరేట్‌తో వెక్టర్ నింపుతుంటే వచ్చే తిప్పలు

సీ ప్లస్ ప్లస్‌లో వెక్టర్ (విలువలను వరసగా గడుల్లో దాచే జాబితా) నింపడానికి ప్రతిసారీ ఫర్ లూప్ రాయక్కర్లేదు, జనరేట్ అనే రెడీమేడ్ ఫంక్షన్ ఉంది. మొదలు, చివర, విలువలిచ్చే ఫంక్షన్ ఇస్తే చాలు. ఒక్కో గడికీ ఆ ఫంక్షన్‌ని ఒకసారి పిలిచి, వచ్చిన విలువను అందులో పెడుతుంది. అంతకుమించి ఏమీ చేయదు. ఏదో చేస్తుందనుకుంటేనే చిక్కు.

సమస్య: ఎర్రర్ లేదు, వెక్టర్ మాత్రం ఖాళీ

ముందు రిజర్వ్ 10 అని రాశారా? రిజర్వ్ అంటే బస్సు సీటు మీద తువ్వాలు వేయడం లాంటిది. చోటు పట్టుకున్నాం, మనిషి ఇంకా కూర్చోలేదు. సైజు 0 కాబట్టి మొదలూ చివరా ఒకటే, ఫంక్షన్‌ని ఒక్కసారి కూడా పిలవదు.

కొందరు వెంటనే జనరేట్_ఎన్‌కి (చివర బదులు ఎన్ని గడులో చెప్పే రూపం) మారి, మొదలు ఇచ్చి 10 అంటారు. ఇది ఇంకా ప్రమాదం. లేని గడుల్లో రాసేస్తుంది. మీ మెషీన్‌లో నడిచినట్టే ఉంటుంది, సైజు అడిగితే 0 అంటుంది.

పరిష్కారం: రిజర్వ్ తీసేసి, నిజంగానే గడులు పుట్టించే రీసైజ్ పెట్టండి. లేదా రిజర్వ్ అలాగే ఉంచి, జనరేట్_ఎన్‌కి మొదలు బదులు, విలువ విలువకీ చివర కొత్త గడి చేర్చే బ్యాక్_ఇన్సర్టర్ ఇవ్వండి.

సమస్య: గడులన్నిట్లో ఒకటే సంఖ్య

జనరేట్ బదులు, ఒకే విలువను అన్ని గడుల్లో పెట్టే ఫిల్ రాసి ఉంటారు. ఫిల్‌కి ఇచ్చిన ర్యాండ్ (ర్యాండమ్ సంఖ్య ఇచ్చే ఫంక్షన్) ఒక్కసారే నడిచి, ఆ విలువే అంతటా పడుతుంది. అది కాకపోతే ర్యాండమ్ ఇంజిన్‌ని (ర్యాండమ్ సంఖ్యలు పుట్టించే వస్తువు) ల్యాంబ్డా (అక్కడికక్కడే రాసే పేరులేని ఫంక్షన్) లోపల పుట్టిస్తున్నారు. సీడ్ (మొదలుపెట్టే సంఖ్య) ఇవ్వని ఎంటీ19937 అనే ఇంజిన్ మొదటి సంఖ్య ఎప్పుడూ 3499211612. గడి గడికీ కొత్త ఇంజిన్ అయితే అదే కనిపిస్తుంది మరి. ఇంజిన్‌ని బయట పెట్టి, ల్యాంబ్డాలోకి రిఫరెన్స్‌గా (కాపీ కాకుండా అసలుదాన్నే) తీసుకోండి.

సమస్య: రెండోసారి పిలిస్తే మళ్లీ మొదటి సంఖ్యలే

నన్ను బాగా ఏడిపించింది ఇదే. రెండు టెస్ట్ డేటా వెక్టర్లు అంకె అంకెకీ ఒకేలా వచ్చాయి, ఒక సాయంత్రమంతా సీడ్‌ని అనుమానిస్తూ కూర్చున్నాను. సీడ్ తప్పేమీ లేదు.

చిన్న కౌంటర్‌తో చూస్తే అర్థమవుతుంది. ల్యాంబ్డాలో ఎన్ అనే లెక్క 0 నుంచి మొదలు, పిలిచినప్పుడల్లా 1 పెరుగుతుంది. కంపైలర్ ఒప్పుకోకపోతే మ్యూటబుల్ (లోపలి లెక్కను మార్చుకోనిచ్చే మాట) తగిలించాం. మొదటి వెక్టర్‌లో 1, 2, 3, 4, 5 పడ్డాయి. అదే ల్యాంబ్డాని రెండో వెక్టర్‌కి ఇస్తే 6 నుంచి రావాలి కదా? మళ్లీ 1, 2, 3, 4, 5.

కారణం: జనరేట్ మన ఫంక్షన్‌ని కాపీగా తీసుకుంటుంది. లెక్క పెరిగింది కాపీలో. పని కాగానే కాపీ పోయింది, మన దగ్గరున్నది 0 దగ్గరే ఉంది. ఇంజిన్‌ని నేరుగా మూడో ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చినా ఇదే కథ.

పరిష్కారం: ల్యాంబ్డాని రెఫ్‌లో చుట్టి ఇవ్వండి, అప్పుడు కాపీ కాదు, అసలుదే వాడుతుంది; రెఫ్ ఉండే హెడర్ ఫంక్షనల్. లేదా ఎన్‌ని బయట పెట్టి రిఫరెన్స్‌గా పట్టుకోండి, అప్పుడు మ్యూటబుల్ కూడా అక్కర్లేదు. నేను రెండోదే రాస్తాను, చదివేవాళ్లకు వెంటనే కనిపిస్తుంది. వరస సంఖ్యలే కావాలంటే ఇంత తతంగం వద్దు, న్యూమరిక్ హెడర్‌లోని ఐయోటా చాలు.

సమస్య: 6 అడిగితే సెట్‌లో 5 ఉన్నాయి

ఇన్సర్టర్ (విలువలను సెట్‌లో చేర్చేది) పెట్టి జనరేట్_ఎన్‌తో సెట్ (ఒక్కో విలువ ఒక్కసారే ఉండేది) నింపితే, ఫంక్షన్ 6 సార్లు నడుస్తుంది కానీ ముందే ఉన్న సంఖ్య మళ్లీ వస్తే సెట్ వదిలేస్తుంది. సైజు 6 అయ్యేదాకా వైల్ లూప్ తిప్పండి. 1 నుంచి 49 లోపు లాంటి చిన్న పరిధైతే వెక్టర్‌ని ఐయోటాతో నింపి, షఫుల్ చేసి, మొదటి 6 తీసుకోండి.