వానల్లో పసుపెక్కే లాన్: సమస్య - పరిష్కారం

కడియం నర్సరీల నుంచి తెప్పించి పరిచిన గడ్డి మూడు నాలుగు నెలలు కంటికి నిండుగా ఉండి, తొలి వానాకాలానికే మచ్చలు మచ్చలుగా పసుపెక్కిందని చెప్పే ఇళ్ళు మా గోదావరి డెల్టాలో చాలా ఉన్నాయి. నన్ను పిలిచేనాటికే ఆ ఇంట్లో రెండు మూడు రకాల మందు డబ్బాలూ, సగం వాడిన యూరియా బస్తా ఉంటాయి గానీ, పాడైన చోట ఒక్క అడుగు లోతు తవ్వి చూసినవారు చాలా అరుదు. గడ్డి కోయడం, నీరు పెట్టడం, ఎరువు చల్లడం తెలిసినవారి కోసమే ఇది రాస్తున్నాను కనుక ఆ వివరాల జోలికి వెళ్ళను.

తేలికగా తేలిపోయేవి

గడ్డి కొసలు తెల్లబడి పీచులుగా చీలి ఉంటే అది తెగులు కాదు. కోసే యంత్రం బ్లేడు మొద్దుబారింది, పదును పెట్టించండి. ఉదయం వేళ గడ్డి మీద సాలెగూడు వంటి తెల్లని నూగు, దాని కింద గుండ్రని గోధుమరంగు మచ్చలు కనిపిస్తే అది బూజు తెగులే. దానికి మందు కన్నా ముందు సాయంత్రం నీరు పెట్టే అలవాటు మానాలి, ఎందుకంటే ఇక్కడి ఉక్కపోతలో సాయంత్రం తడిసిన ఆకు తెల్లవారే దాకా ఆరదు. కొబ్బరిచెట్ల కింది మొక్కల ఆకులపై నల్లని మసి పేరుకుంటే తల పైకెత్తి చూడండి. కొబ్బరి మట్టల అడుగున చేరిన తెల్లదోమ కార్చే జిగురు మీదనే ఆ మసి పెరుగుతుంది. దోమ సంగతి చూడకుండా కింది ఆకులు ఎన్నిసార్లు తుడిచినా అది మళ్ళీ వస్తుంది. సఖినేటిపల్లి, అల్లవరం, ఉప్పలగుప్తం వంటి సముద్రానికి దగ్గరి ప్రాంతాల్లో బోరు నీటితో పెంచే లాన్ అంతటా కొసలు మాడుతుంటే నీటిలోని ఉప్పును పరీక్ష చేయించండి.

ఒకే చోట వచ్చే పసుపు

నన్ను బాగా మోసం చేసిన సమస్య ఇది. దీని లక్షణం ఒక్కటే: వేసవిలో అన్నిటికన్నా ముందు ఎండిపోయేదీ, వానల్లో అన్నిటికన్నా ముందు పసుపెక్కి కుళ్ళేదీ ఒకే చోటు అవుతుంది. యూరియా చల్లితే పది రోజులు పచ్చబడి, ఆ తర్వాత మునుపటికన్నా పాడవుతుంది. బూజు మందు కొడితే మచ్చ కొంత ఆగినట్టు కనిపించి, మళ్ళీ వర్షం పడగానే అక్కడే తేలుతుంది. తెగులైతే గాలివాటంగానో, నీటివాలుగానో పాకాలి. ఇది ఉన్నచోటు కదలదు, పైగా దాని అంచు చాలాసార్లు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది.

అమలాపురం శివార్లలోని ఒక ఇంట్లో ఇలాంటి మచ్చకు నేను రెండు నెలలు మందులు కొట్టించాను. చివరికి పక్కనే మందార మొక్క నాటడానికి గునపం దించితే నాలుగు అంగుళాల లోతులో ఠంగుమని మోగింది. మట్టి తీసి చూస్తే రెండు వేళ్ళ మందం, తలుపంత వెడల్పు ఉన్న సిమెంటు మాలు పలకలా గడ్డకట్టి ఉంది. వేళ్ళన్నీ దానిని తాకి, కిందికి దారిలేక అడ్డంగా తిరిగి, తడిసిన చాపలా అల్లుకున్నాయి. పలక మీది మట్టి బూడిదరంగుకు మారి మురుగు కంపు కొడుతుంటే, పలక కింది మట్టి మాత్రం పొడిగా ఉంది. శ్లాబు వేసిన రోజు మాలు కలిపింది అక్కడేనని ఇంటి యజమాని అప్పుడు గుర్తుచేసుకున్నారు.

ఇల్లు పూర్తయ్యాక మిగిలిన మాలూ, ఇటుక ముక్కలూ, కంకరా అక్కడే చదును చేసి, పైన నాలుగు అంగుళాల ఎర్రమట్టి పోసి, దాని మీద గడ్డి పరచడం చాలామంది చేసే పని. గడ్డి తనతో తెచ్చుకున్న మట్టితో కొన్ని నెలలు బతుకుతుంది కనుక గుత్తేదారు డబ్బు తీసుకుని వెళ్ళేదాకా ఏమీ బయటపడదు. వాన పడ్డాక నీరు పలక మీద నిలిచి వేళ్ళకు గాలి అందదు. వేసవిలో ఆ నాలుగు అంగుళాల మట్టి రెండు రోజుల్లోనే ఆరిపోతుంది. సిమెంటులోని సున్నం వల్ల మట్టి క్షారమై గడ్డికి ఇనుము అందక లేత ఆకులు పాలిపోవడం దీనికి తోడు. మాలు లేని చోట కూడా ఇదే బాధ రావచ్చు: పల్లపు స్థలాన్ని ఇసుకతో మెరక చేసి, దాని మీద బంకమట్టితో వచ్చిన గడ్డి పలకలను నేరుగా పరిస్తే, పై బంకమట్టి పూర్తిగా నానేదాకా నీరు కింది ఇసుకలోకి దిగదు. కింద ఇసుక ఉంది కదా, నీరు ఇంకిపోతుందని అనుకునేవారు ఇక్కడే పొరపడతారు.

పరీక్షకు ఖర్చేమీ లేదు. మచ్చ నడుమ ఒకటి, బాగున్న చోట ఒకటి, అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంటలు తవ్వి, గోడలో పొరలు ఎలా ఉన్నాయో చూడండి. రెండింటినీ నీటితో నింపి, ఆ నీరు ఇంకాక మళ్ళీ నింపి, ఈ రెండోసారి గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలుతో కొలవండి. గంటకు అంగుళం కూడా దిగకపోతే నీటికి దారి లేదని అర్థం. మీరు పోయకుండానే గుంట అడుగున నీరు ఊరితే అది పలక తప్పు కాదు, భూగర్భజలమే పైకి వచ్చింది. అలాంటి చోట ఎంత తవ్వినా ఫలితం ఉండదు, నేలనే ఎత్తు చేయాలి. కాలువలకు నీరు ఆపేసే ఏప్రిల్, మే నెలల్లో బాగా ఇంకిన గుంట, ఆగస్టులో పక్క చేలన్నీ నీటితో నిండి ఉన్నప్పుడు అలా ఇంకకపోవచ్చు కనుక వానల్లో మరోసారి చూడటం మంచిది.

పలక తేలితే బాగు చేసే పద్ధతి ఒకటే. గడ్డిని పారతో పలకలుగా లేపి తడిగోనె కప్పి నీడన ఉంచి, గట్టిపడిన పొరను గునపంతో పగలగొట్టి, ముక్కలన్నీ ఆవరణ దాటించాలి. పగలగొట్టి అక్కడే కలిపేస్తామని కూలీలు అంటారు. ఒప్పుకోవద్దు, ఆ సున్నం మట్టిలోనే మిగులుతుంది. అడుగున బయటపడిన నల్లమట్టిని మరీ తడిగా ఉన్నప్పుడు తొక్కకుండా, పిడికిట పిసికితే ముద్దయి, వేలితో నొక్కితే చిట్లే స్థితిలో తిరగవేసి, బాగా మాగిన పశువుల ఎరువునూ, మాగబెట్టిన కొబ్బరి పొట్టునూ కలపాలి. పచ్చి పొట్టు వేయకూడదు. బంకమట్టిలో కొద్దిపాటి ఇసుక కలపడం కూడా మేలు చేయదు, ఆరాక అది ఇటుకలా బిగుసుకుంటుంది. అన్నిటికీ మించి వాలు చూడాలి: ఇంటి గోడ నుంచి బయటి కాలువ వైపు పది అడుగులకు కనీసం అంగుళంన్నర పల్లం లేకపోతే పైన చేసిన పనంతా వృథాయే. ఇసుక మెరక అయితే గడ్డి పలకలకు అంటిన బంకమట్టిని వీలైనంత కడిగి, ఇసుక పైభాగంలో ఎరువు కలిపి, గడ్డి వేళ్ళు నేరుగా ఇసుకకు తగిలేలా పరచాలి.

పని ఒప్పగించేటప్పుడు

చదరపు అడుగుకు ఎంత అని మాత్రమే అడిగితే గడ్డి ధర ఒక్కటే చెబుతారు. ఎంత లోతు తవ్వుతారు, తీసిన వ్యర్థాలు ఎక్కడ పారబోస్తారు, ఎర్రమట్టి ఎన్ని అంగుళాలు పోస్తారు, వాలు ఎటు ఇస్తారు అనే నాలుగూ కాగితం మీద రాయించుకోండి. గడ్డి బండి రావడానికి ముందురోజు ఖాళీ నేలలో మీరే చూపిన మూడు చోట్ల గునపం దింపమనండి. ఎక్కడ మోగితే అక్కడ పని ఆపించండి. నీరు ఎటు పోతుందో కడవెడు నీళ్ళు పోసి చూపని మనిషికి, నర్సరీ ఎంత పెద్దదైనా, పని ఇవ్వకండి. కొంత డబ్బు తొలి వానాకాలం గడిచేదాకా ఆపుకోవడం నా అలవాటు. మంచి పనివారు దానికి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

ఇక నులిపురుగులు, చెదలు, కుక్క మూత్రం వంటివి కూడా గడ్డిని పాడుచేస్తాయి. గడ్డి చాపలా చేతికి లేచి వస్తే కింద వేరుపురుగు ఉందేమో చూడండి, అది తరచుగా మాగని పెంటతోనే వస్తుంది. గుంట తవ్వి చూశాక కూడా కారణం తేలకపోతేనే వీటి గురించి ఆలోచించండి.