కాలిందా? ముందు కుళాయి కిందికి పదండి

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌లో మొన్న కుక్కర్ ఆవిరి నా మణికట్టుకి కొట్టింది. పక్కింటి ఆంటీ టూత్‌పేస్ట్ తెచ్చారు, అత్తయ్య పసుపు డబ్బా తీశారు, ఫోన్‌లో అమ్మేమో "ఇంకు రాయవే" అంటోంది. నేను కుళాయి వదల్లేదు.

ఎర్రగా ఉంది, మంట, బొబ్బల్లేవు: పైపొర మాత్రమే కాలింది. కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు, గడియారం చూసి మరీ పెట్టండి, ఎందుకంటే పొయ్యి దగ్గర్నుంచి చెయ్యి తీసేసినా చర్మంలో చేరిన వేడి లోపల కాలుస్తూనే ఉంటుంది. వెంటనే కుదరకపోతే 3 గంటల్లోపు చేసినా ఉపయోగమే. ఎండాకాలం మేడమీద ట్యాంకు నీళ్లు సలసలా వస్తాయి కదా, చల్లబడేదాకా వదిలేయండి. ట్యాంకర్ రాని రోజైతే బిందెలో నీళ్లే చెంబుతో పోస్తూ ఉండండి. ఐస్ మాత్రం వద్దు, రక్తనాళాలు ముడుచుకుపోయి గాయం ఇంకా లోతవుతుంది. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి.

బొబ్బలు లేచాయి: రెండో పొర దాకా వెళ్లింది. నీళ్ల కింద పెట్టడం పైన చెప్పినట్టే. బొబ్బ చిదమకండి, ఆ పైతోలే కట్టు. ఉతికిన కాటన్ గుడ్డ వదులుగా కప్పి, క్లినిక్‌కి వెళ్లి చూపించుకుని, ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్ సంగతీ అడగండి.

తెల్లగానో నల్లగానో అయింది, నొప్పే లేదు: హమ్మయ్య అనుకోకండి, నరాల కొసలూ కాలాయన్నమాట. నేరుగా ఆస్పత్రికే. ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాలు కాలినా, కరెంటు వల్లో యాసిడ్ వల్లో కాలినా, పసిపిల్లలైనా అంతే. 108కి ఫోన్ చేయండి. మా బెంగళూరులో అయితే విక్టోరియా ఆస్పత్రిలో కాలిన గాయాలకే ప్రత్యేక విభాగం ఉంది.

రెండు మూడు రోజులకి చీము, వాసన, జ్వరం: ఇన్‌ఫెక్షన్. ఇంట్లో ఉన్న పాత ఆయింట్‌మెంట్ పూసి చూద్దామనుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక అసలు ఎందుకు కాలుతుందంటే, మా ఇంట్లో అయితే తొందర. కుక్కర్ విజిల్ పూర్తిగా దిగకుండానే మూత లాగాను. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా స్టవ్ ఆపి మూత పెట్టేయాలి. వాటర్ హీటర్ రాడ్ ప్లగ్ తీశాకే బకెట్‌లో చెయ్యి పెట్టాలి. పిల్లల స్నానానికి బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాత వేన్నీళ్లు. గీజర్ 60 డిగ్రీల్లో ఉంటే కొన్ని సెకన్లకే లోతుగా కాలుతుంది, మాది 50 దగ్గర పెట్టాం. అత్తయ్యకి నీళ్ల వేడి చాలట్లేదట, రోజూ గొణుగుతున్నారు.