అట్టపెట్టెలు మానేసి క్రేట్లకు మారాలంటే ఎన్ని కొనాలి?

సప్లయర్ నుంచి ఫ్యాక్టరీకి విడిభాగాలు తెచ్చే అట్టపెట్టెల స్థానంలో తిరిగి వాడే ప్లాస్టిక్ క్రేట్లు పెడితే చెత్తా తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. లెక్క తప్పితే రెండూ పెరుగుతాయి.

ముందు ఒక క్రేట్ పూర్తి చుట్టు తిరిగి రావడానికి ఎన్ని పనిరోజులు పడుతుందో చూడండి. ఉదాహరణకు సప్లయర్ దగ్గర 2, దారిలో 1, మీ స్టోర్లో 2, తయారీ లైన్ మీద 1, కడగడానికి 1, ఖాళీగా తిరిగి చేరడానికి 3, మొత్తం 10. రోజుకు 2,400 భాగాలు, క్రేట్‌కు 40 చొప్పున 60 క్రేట్లు కావాలి. అంటే 10 రోజుల చుట్టుకు 600, పైన అదనంగా 15 శాతం కలిపి 690.

సైజు 600×400 మిల్లీమీటర్లు తీసుకోండి. 1200×800 ప్యాలెట్ (సరుకు పేర్చే బల్ల) మీద వరుసకు నాలుగు సరిగ్గా కూర్చుంటాయి. మడిచేవి అయితే ఖాళీవి తక్కువ చోటులో వెనక్కి వెళ్తాయి.

అసలు దెబ్బ ఖాళీల దగ్గరే. లైన్ పక్కన ఎవరో వాటిలో స్క్రాప్ వేస్తారు, చుట్టు 15 రోజులకు సాగుతుంది, సప్లయర్ మళ్లీ అట్టపెట్టెలకు దిగుతాడు. అందుకే సరుకు దించిన లారీలోనే ఖాళీలు ఎక్కించండి, వాటి సంఖ్య చలాన్‌లో రాయించండి. ఖాళీల కోసమే వేరే లారీ పంపాల్సినంత దూరమైతే ఈ మార్పు జోలికి వెళ్లకండి, మిగిలిందంతా డీజిల్‌కే పోతుంది.